బావకు ఇంగ్లీషు మాట

విజయశ్రీ రోజూ పొద్దున టైప్‌రైటర్ మీది ముసుగు తీసి మడిచిపెట్టి, నిన్న ఎక్కడ ఆపిందో ఆ వాక్యాన్ని ఒకసారి పైకి చదువుకునేది. ఇంగ్లీషు నోటికి అలవాటు కావాలని మొదలుపెట్టిన పని. పక్కగదిలో ప్రొఫెసర్ హేవర్డ్ దగ్గితే గొంతు తగ్గించేది.

అది షికాగో శివారులోని ఒక కాలేజీలో చరిత్ర విభాగం. సంవత్సరం 1979. ప్రొఫెసర్ ఎన్నో ఏళ్ళుగా ఒకే మనిషి జీవితం రాస్తున్నాడు. ఆ మనిషి పేరు రోజర్ ద వాల్మోర్. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో భూములేలిన నార్మన్ దొర. ఆయన కోటలు, వేటకుక్కలు, రాజుతో పెట్టుకున్న తగాదాలు, ఆయన పెళ్ళిళ్ళు, పిల్లలు, అన్నీ విజయశ్రీ వేళ్ళ మీదుగానే కాగితం మీదికి వచ్చాయి. తెలిసినవాళ్ళింటి సంగతులు విన్నట్టు ఉండేది ఆమెకు.

ఒకరోజు పొద్దున ఆమె చదువుకున్న వాక్యం ఇది: “ఆవిస్‌తో ఆయన వివాహం ఏ ఇబ్బందీ లేకుండా రద్దయింది.”

ఆవిస్ దొర మొదటి భార్య. పదిహేనేళ్ళు కాపురం చేసి ఇద్దరు ఆడపిల్లలను కన్నది. మగపిల్లవాడు పుట్టలేదు. అప్పుడు దొరగారికి ఉన్నట్టుండి, తన ముత్తాతా ఆవిడ ముత్తవ్వా అన్నాచెల్లెళ్ళన్న సంగతి గుర్తొచ్చింది. చుట్టాల మధ్య పెళ్ళి చర్చి ఒప్పుకోదు. బిషప్పు అంతా విని, అసలా పెళ్ళి జరగనే లేదన్నాడు. దొర ఆస్తి ఉన్న ఒక వితంతువును చేసుకున్నాడు.

విజయశ్రీకి నవ్వు ఆగలేదు. తమ ఊరు తెనాలిలో అయితే అది చక్కగా వరసైన సంబంధం. ఆ నవ్వు ఇంటిదాకా మోసుకుపోయి భోజనాల దగ్గర విప్పింది.

“బావా, విన్నావా ఈ దొర కథ? ముత్తాతల నాటి చుట్టరికం తవ్వితీసి పెళ్ళాన్ని వదిలించుకున్నాడు. మనల్ని చూస్తే ఆ బిషప్పు కళ్ళు తిరిగి పడిపోయేవాడు!”

జగదీష్ ఆమె మేనత్త కొడుకు. ఊయలలో ఉండగానే అతని పెళ్ళామన్నారు ఆమెను. “ముక్కూ మొహం తెలియని ఇంట్లో పడెయ్యడమెందుకు? మన పిల్లాడు, ఎక్కడికి పోతాడు?” అన్నది నాయనమ్మ రాజేశ్వరమ్మ. పెళ్ళయ్యాక ‘మీరు’ అనమని పెద్దవాళ్ళు ఎంత చెప్పినా విజయశ్రీకి నోరు తిరగలేదు. బావ బావగానే ఉండిపోయాడు.

జగదీష్ నవ్వలేదు. పెరుగు కలుపుకుంటూ, “ఇక్కడ కూడా ఆ లా ఉందట. ఫస్ట్ కజిన్స్ పెళ్ళి చేసుకోకూడదని మా ఆఫీసులో ఎవరో అన్నారు,” అన్నాడు.

“మనం ఇక్కడ చేసుకోలేదుగా!”

“అదే అనుకో. అయినా పార్టీల్లో బావా బావా అనకు. ఎవరైనా మీనింగ్ అడిగితే ఏం చెప్తావ్?”

“బావా మీన్స్ డాడీ,” అంది ఏడేళ్ళ రేణు, అన్నం కెలుకుతూ.

మరుసటి ఏడు జగదీష్‌కు దేశానికి అవతలి కొసన ఉన్న సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది. ముందు తను వెళ్ళి ఇల్లు చూస్తానన్నాడు. ఎనిమిది నెలలైనా ఇల్లు దొరకలేదు. ఆఖరికి లాయరు పంపిన నోటీసు వచ్చింది. అందులో అడిగింది విడాకులు కాదు. దగ్గరి చుట్టాల మధ్య జరిగింది గనక ఆ పెళ్ళి చెల్లదని షికాగో కోర్టు ప్రకటించాలట. ఆమె ఇంకా నిలబడి చదువుతుండగానే ఫోన్ మోగింది.

“డైవోర్స్ అంటే మామయ్యకి మొహం ఎలా చూపించను, విజయా? ఇదైతే నీ తప్పూ లేదు, నా తప్పూ లేదు. ఇక్కడి లా అంతే అని అమ్మతో చెప్పుకోవచ్చు.”

“మరి రేణు?”

“రేణుకేం? రేణు రేణూయే.”

తన దొర కథే అతనికి దారి చూపించిందని అప్పుడు తెలిసింది విజయశ్రీకి. వెళ్ళేవాడు వెళ్ళనీ అనుకుంది. కానీ పదకొండేళ్ళు తను చేసింది కాపురమేనని, రేణు పెళ్ళయిన తల్లికి పుట్టిందని కోర్టు ఒప్పుకోవాలి. ఇంకేమీ అక్కర్లేదు.

తన ఊరు షామ్‌బర్గ్‌లోనే ఉండే స్నేహితురాలు ఉషా ఒక లాయరును కుదిర్చి, విచారణకు తోడు వచ్చింది. జగదీష్ తరఫు లాయరు మర్యాదస్తుడు. “మీరు మీ భర్తను ఏమని పిలుస్తారు?” అని అడిగాడు.

“బావ.”

“ఇంగ్లీషులో ఏమంటారు?”

విజయశ్రీ వెతుక్కుంది. వేసవి సెలవుల్లో తన జడ మంచంకోడుకు కట్టేసి పారిపోయినవాడు. ఏడిపించే హక్కు ఉన్నవాడు, ఏడిస్తే ఊరుకోబెట్టాల్సినవాడు. దీనంతటికీ ఒక్క మాట కావాలి.

“కజిన్,” అంది.

లాయరు థాంక్యూ చెప్పి కూర్చున్నాడు.

బయట వరండాలో ఉషా మండిపడింది. “హస్బెండ్ అని చావచ్చుగా! నిన్నెవడే డిక్షనరీ అడిగాడు?”

“భర్తకి మాట హస్బెండ్. వాళ్ళడిగింది బావకి కదా.”

“ఓహో. నువ్వు సత్యహరిశ్చంద్రుడి చెల్లెలివి. ఇంక అనుభవించు.”

అదృష్టమో ఏమో, జరిగిన చోట చెల్లిన పెళ్ళి ఇక్కడా చెల్లుతుందని జడ్జి తేల్చాడు. విజయశ్రీ గెలిచింది. ఆ నెల తిరక్కుండానే జగదీష్ మామూలు విడాకులకు దరఖాస్తు పెట్టాడు. ఆమె ఎదురు చెప్పలేదు. తను పెళ్ళాన్నని గెలుచుకుంది, విడిచిపెట్టడానికి పనికొచ్చే పెళ్ళాన్నని.

విడాకులు మంజూరై, రేణు ఆమె దగ్గరే ఉండేట్టు తీర్పయింది. ఆ సాయంత్రం జగదీష్ ఫోన్ చేశాడు. గొంతులో బరువు దిగిపోయినవాడి చనువు.

“కోపం పెట్టుకోకు, విజయా. పెళ్ళి పోతే పోయింది, మనం చుట్టాలం కాకుండా పోతామా?”

“పోంలే బావా,” అంది. అనేశాక నాలుక కరుచుకుంది. ఏ చుట్టరికం పేరు చెప్పి ఆమెను తుడిచెయ్యబోయాడో, ఆ చుట్టరికం మాత్రం చెక్కు చెదరలేదు.

వారం తర్వాత ప్రొఫెసర్ పుస్తకం శుద్ధప్రతి టైపు చెయ్యమని ఇచ్చాడు. విజయశ్రీ ఆవిస్ వాక్యం దగ్గర ఆగి, ఆ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. అన్నేళ్ళలో ఆమె ఆయన్ని ప్రశ్న అడగడం అదే మొదలు.

“ఏ ఇబ్బందీ లేకుండా అని రాశారు. ఎలా తెలుసండీ?”

“ఆవిస్ అభ్యంతరం చెప్పినట్టు ఎక్కడా రాసి లేదు, మిసెస్ కొమరగిరీ.”

“ఆవిడను ఎవరైనా అడిగినట్టు రాసి ఉందా?”

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి ప్రశ్న అన్నాడు. కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. వాక్యం మారలేదు. విజయశ్రీ తన బల్ల దగ్గరికి వచ్చి, ఒక్క అక్షరం తప్పు పోకుండా దాన్ని టైపు చేసింది.

ఇది 1988. రేణుకు పదహారేళ్ళు. విజయశ్రీ అదే విభాగంలో పనిచేస్తోంది. టైప్‌రైటర్ పోయి కంప్యూటర్ వచ్చింది. షామ్‌బర్గ్ టెలిఫోన్ డైరెక్టరీలో ఆమె పేరు ఇప్పటికీ బావ ఇంటిపేరుతో, కొమరగిరి విజయశ్రీ అనే ఉంది.