అత్తయ్య గ్యాస్ మాత్ర

మా ఇంట్లో ఎవరికి ఏ నలత చేసినా డాక్టర్ని నేనే. నారాయణగూడలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను, నా వైద్యమంతా అదే. అయినా అశోక్ నగర్‌లో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు కూడా రిపోర్టులు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. నాకూ అదంటే ఇష్టమే, దాచడమెందుకు?

అత్తయ్య బీపీ మాత్ర డాక్టరు రాసిందే, ఒంట్లో నీటిని మూత్రంలో పంపించేసే రకం. గ్యాస్ మాత్ర మాత్రం నా ప్రసాదం. ఎప్పుడో పుల్లటి తేన్పులొస్తున్నాయంటే డాక్టరు కొన్నాళ్లు వాడమన్నారు. ఆ కొన్నాళ్లు గడిచిపోయినా నేను ఆపలేదు. ఆవిడ గోంగూర పచ్చడి మానరు, కాఫీ మానరు. మాత్ర ఆపితే రోజంతా ఆ తేన్పుల గోల ఎవరు పడతారు? చిక్కడపల్లిలో మందుల షాపతను నన్ను చూడగానే చీటీ అడక్కుండా అట్టలు తీసి పెట్టేవాడు. ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే, కాఫీకి ముందు, నా చేత్తోనే ఆవిడ అరచేతిలో పెట్టాను.

మొన్న ఎండాకాలంలో ఆవిడకి రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం మొదలైంది. తర్వాత కనురెప్ప అదురుతోందన్నారు. "ఎడమకన్నేగా, మీకేదో మంచి జరుగుతుందిలెండి" అని ఆటపట్టించాను. ఒకరోజు నేను కాలేజీకి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చారు.

"గుండెలో ఏదో గిలగిల కొట్టుకుంటోందే అమ్మాయ్."

"వయసు అత్తయ్యా, ఏం లేదు" అని చెప్పులేసుకున్నాను. ఛీ, ఆ మాట అన్న నోటితోనే ఆ రోజు గుండె పాఠం చెప్పాను.

ఆ పాఠం నాకు సిలబస్ దాటి మరీ చెప్పే అలవాటు. కాల్షియం లోపలికొస్తే గుండె కండర కణం బిగుసుకుంటుంది. మళ్లీ వదులవ్వాలంటే ఆ కాల్షియాన్ని పంపులు తోడేయాలి. ఆ పంపులకి శక్తినిచ్చేది ఏటీపీ, కానీ మెగ్నీషియం తోడు లేకపోతే ఏటీపీ ఉన్నా పని జరగదు. పొటాషియాన్ని కణంలో నిలిపి ఉంచడానికీ మెగ్నీషియమే కావాలి. "కాల్షియం ఒక్కసారిగా ఎగబడకుండా గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ అనుకోండ్రా. వాడు లేకపోతే గుండె లయ తప్పుతుంది" అన్నాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు.

క్లాసు అవగానే పక్కింటావిడ ఫోన్. అత్తయ్య వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయారట. మావారు ఊళ్లో లేరు. ఆవిడా నేనూ కలిసి ఆటోలో విద్యానగర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. మానిటర్ మీద గీత చిందరవందరగా గెంతుతోంది. దేవుడా, ఈవిడ దక్కితే చాలనుకున్నాను.

రక్తపరీక్ష వచ్చాక కుర్ర డాక్టరు నా దగ్గరకొచ్చి నవ్వాడు.

"మేడమ్, గుర్తుపట్టలే? నారాయణగూడల మీ దగ్గరనే చదివిన. పరేషాన్ గాకున్రి, అమ్మమ్మకు మెగ్నీషియం మస్తు తక్కువైంది. సెలైన్ల మెల్లగ ఎక్కిస్తున్నం. మీరు చెప్పిన వాచ్‌మన్ ముచ్చట ఇప్పటికీ యాదున్నది మేడమ్!"

అతను అత్తయ్య వైపు తిరిగాడు.

"గ్యాస్ గోలీలు వేసుకుంటున్నవా అమ్మమ్మా? ఏండ్లకేండ్లు వాడితే పేగులు మెగ్నీషియం తీసుకోవు. బీపీ గోలీతోని ఉన్నది గూడ మూత్రంల పోతది. ఎవరిచ్చిన్రు నీకు?"

అత్తయ్య నా మొహం చూశారు. తర్వాత అతని మొహం చూశారు.

"నేనే కొనుక్కున్నాను నాయనా. మా అమ్మాయికి తెలీదు."

"ఇంట్ల మేడమ్ అసొంటి మనిషిని పెట్టుకొని సొంత వైద్యమేంది అమ్మమ్మా?" అని గట్టిగానే కోప్పడ్డాడు. తప్పయిపోయిందంటూ ఆవిడ చిన్నపిల్లలా తల దించుకున్నారు. నేను పక్కనే కొయ్యబొమ్మలా నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రానికి మానిటర్ మీద గీత కుదుటపడింది. అత్తయ్య నన్ను పక్కన కూర్చోమన్నారు.

"ఇంతకీ ఆ వాచ్‌మన్ కథేమిటే?"

క్లాసులో చెప్పినట్టే మొత్తం చెప్పాను. కాళ్లు పట్టేయడం, రెప్ప అదరడం, గుండె గిలగిల, అన్నీ దానివల్లేనని కూడా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"ఇదంతా నీకు ముందే తెలుసా?"

"తెలుసత్తయ్యా."

ఆవిడ దుప్పటి సర్దుకున్నారు.

అప్పుడే ఆ కుర్రాడు మళ్లీ రౌండ్స్‌కి వచ్చాడు. లేచి నిలబడ్డాను. "బాబూ, ఆ మాత్రలు తెచ్చిందీ నేనే, రోజూ ఇచ్చిందీ నేనే. ఈవిడకేం తెలీదు" అన్నాను. అతను నా మొహం చూడకుండా సెలైన్ గొట్టం సరిచేసి, "సరే మేడమ్" అని వెళ్లిపోయాడు.

అత్తయ్య నా చెయ్యి మీద ఒక్కటి వేశారు.

"ఎందుకు చెప్పావే? నీ పాఠం అంటే ఎంత గొప్పగా మురిసిపోయాడూ! నేను తిట్లు తిన్నదంతా దండగ చేశావు."