పాచి నోళ్ళ శనివారం

మా అత్తగారికి ఎంగిలి పట్టింపు ఎంతంటే, మా ఇంట్లో మంచినీళ్ళ సీసాలన్నిటికీ రంగుదారాలు కట్టేశారు. ఎవరి సీసా వాళ్ళదే. ఆవిడ మాత్రం సీసాకు పెదవి తగలకుండా ఎత్తిపోసుకుంటారు. కదిలే కారులో కూడా ఒక్క చుక్క చీర మీద పడదు. అలాంటావిడకు కోడలినైన నేను న్యూజెర్సీలో చేసే ఉద్యోగం ఏమిటయ్యా అంటే, జనం ఉమ్మి పోగుచేసి పరీక్షించడం.

ఆవిడ మా ఊరు పార్సిప్పనీలో మాతో ఆర్నెల్లు ఉందామని వచ్చినప్పుడు, నా పనేమిటో చెప్పమన్నారు. మన నోట్లో, చర్మంలో డిఫెన్సిన్లని బుల్లి ప్రోటీన్లుంటాయి, మన ఒళ్ళే వాటిని తయారుచేసుకుంటుంది, అవి సూక్ష్మజీవుల పైపొరకు చిల్లులు పొడిచి చంపేస్తాయి, డెబ్బై దాటినవాళ్ళ నోట్లో అవి ఎంత చురుగ్గా ఉంటాయో చూడడం నా పని అని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అంటే ఎంగిలి పనా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళ చదువును రెండు మాటల్లో తేల్చేశారు!

అసలు మంటకు కారణం వేరే ఉంది. నెలాఖరులోగా ఏదో ఒక ఫలితం చూపించకపోతే ఆ ప్రాజెక్టు మూసేసి నన్ను ఇంకొకరి పనిలో కలిపేస్తానని మా బాస్ చెప్పేసింది. నాలుగేళ్ళుగా బిడ్డలా సాకిన పని అది. మా అపార్ట్‌మెంట్లలో పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు పొద్దున్నే గుంపుగా నడుస్తుంటారు కదా, వాళ్ళను నమూనాలిమ్మని అడిగాను. కాగితం మీద 'లాలాజలం' అని రాస్తే చాలామందికి అర్థం కాలేదు. 'ఉమ్మి' అంటే మొహాలు చిట్లించారు. హెడ్మాస్టరుగా రిటైరైన ఒక పెద్దాయన, "నా కూతురి లాంటిదానివి. నీ ఎదురుగా ఉమ్మడమేంటమ్మా, తప్పు!" అని నా తల మీద చెయ్యి పెట్టి దీవించి మరీ వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చాను. అత్తగారు చూశారు. మర్నాడు వాకింగ్ నుంచి వస్తూనే, "శనివారం పదకొండుమంది వస్తున్నారు," అన్నారు.

"ఏం చెప్పి ఒప్పించారు అత్తయ్యా?"

"మా కోడలికి సాయం కావాలన్నాను. అంతే."

"గంట ముందు నుంచి ఎవరూ ఏమీ తినకూడదు, తాగకూడదు. గట్టిగా చెప్పండి."

"చెప్తాలే."

శనివారం క్లబ్‌హౌస్‌కు అందరూ పెళ్ళికొచ్చినట్టు ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. అటు తిరిగి, సిగ్గుపడుతూ, చిన్న గొట్టాల్లో ఉమ్మి ఇచ్చారు. సోమవారం ల్యాబ్‌లో, సూక్ష్మజీవులు పెరుగుతున్న పళ్ళేల మీద ఒక్కో చుక్క వేశాను. చుక్క పడినచోట అవి చస్తే, అక్కడ శుభ్రంగా గుండ్రటి ఖాళీ ఏర్పడాలి. మంగళవారం చూద్దును కదా, పదకొండు పళ్ళేల్లోనూ ఇంతింత ఖాళీలు! నేను ఎగిరి గంతేశాను. ఇంటికి ఫోన్ చేసి, "అత్తయ్యా, మన పెద్దవాళ్ళ ఉమ్మి అమృతం!" అని అరిచాను.

అంతలో బాస్ వచ్చింది. ఒక గొట్టం మూత తీసి వాసన చూసి, "ఇదేమిటి, క్రిస్మస్ కేక్ వాసనొస్తోంది?" అంది. నేనూ చూశాను. లవంగం! లవంగం నూనె తనంతట తానే సూక్ష్మజీవులను చంపగలదు. ఇక ఆ ఖాళీలు డిఫెన్సిన్ల వల్ల వచ్చాయని ఎవరు నమ్ముతారు?

ఇంటికెళ్ళి నిలదీశాను.

"అందరికీ నేనే ఇచ్చాను," అన్నారు అత్తగారు. "నోరు వాసనొస్తే నీ దగ్గర మొహమాటపడతారని."

"ఏమీ తినకూడదని చెప్పానా లేదా?"

"లవంగం తినడమేమిటే పిల్లా? బుగ్గన పెట్టుకోవడం కదా!"

"మీకు తెలియని వాటిలో ఎందుకు వేలు పెడతారు?" అని గట్టిగా అరిచేశాను. ఆవిడ మొహం చిన్నబోయింది. గదిలోకి వెళ్ళిపోయారు. నా కోపం పాలపొంగు, పది నిమిషాల్లో చల్లారింది గానీ, క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

కాసేపటికి ఆవిడే వచ్చి, "పళ్ళు తోముకున్నా ఇబ్బందేనా?" అన్నారు.

"పేస్టులోనూ మందులుంటాయి. తోముకోకుండా వస్తేనే మంచిది. ఎవరొస్తారులెండి."

మొహం కడుక్కోకుండా ఫోన్ కూడా ఎత్తని మనిషి ఆవిడ. ఒక్క నిమిషం ఆలోచించి, "నువ్వు గొట్టాలు సర్దుకో," అన్నారు.

ఆ శనివారం పొద్దున్న ఏడింటికి పదకొండుమందీ మళ్ళీ వచ్చారు. చెదిరిన జుట్లు, నలిగిన బట్టలు. వాళ్ళ ముందు, ఈసారి పన్నెండో మనిషిగా, మా అత్తగారు. ఒక్కరూ నోరు తెరవరే! హెడ్మాస్టరు గారు చేతి సైగలతో నా క్షేమం అడిగారు. దాంతో ఎవరో ముక్కుతో కిసుక్కుమన్నారు. ఇక చూడండి, హాలు హాలంతా నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వు. తొలి గొట్టం అత్తగారే అందుకున్నారు. అటు తిరగలేదు.

ఈసారి ఖాళీలు చిన్నవే వచ్చాయి. మూడింట్లో అసలు రాలేదు. కానీ మిగతావి నిజంగా ఆ ముసలి నోళ్ళు సొంతంగా సాధించినవి. బాస్ పన్నెండు గొట్టాలూ వరసగా వాసన చూసి, "కేక్ లేదు. పని సాగించు," అంది. పార్కింగ్‌లో కారెక్కి ఒక్కదాన్నే కేకలు పెట్టాను.

ఇంటికి వచ్చి ఫోన్లో ఫోటోలు చూపించాను.

"నాది ఏది?"

"అన్నిటికీ అంకెలే, పేర్లుండవు అత్తయ్యా."

"ఇదే అయ్యుంటుంది," అని అన్నిటికన్నా పెద్ద ఖాళీ మీద వేలు పెట్టారు.

ఆ సంబరంలో, ఆవిడ ఇండియా నుంచి తెచ్చిన నువ్వుండల డబ్బాలో మిగిలిన ఆఖరి ఉండ తీసి కొరికాను. మాటల్లో పడి సగం ముక్క మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. పెట్టాక గానీ ఏం చేశానో తెలియలేదు. ఆవిడ డబ్బా వంక చూశారు. తర్వాత ఆ ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నారు.

"అయ్యో, అది నా ఎంగిలి! క్షమించండి అత్తయ్యా, ఆ రోజు కూడా..."

"ఊరుకో," అన్నారు ఆవిడ నములుతూ. "పాచి నోటితో పదిమందిలోకి వచ్చినదాన్ని. నీ ఎంగిలి నాకో లెక్కా?"