తొలి కత్తి

దసరా వెళ్లాక వచ్చిన తుఫానుకు చెట్లు కూలి, మా బస్సు తెల్లవారుజామున రామతీర్థం దగ్గర ఆగిపోయింది. విశాఖలో నా భార్యకు నెలలు నిండాయి. ఫోను కలవడం లేదు.

రోడ్డు పక్క ఇంటావిడ నన్ను లోపలికి పిలిచి కత్తి, గుమ్మడికాయ చేతికిచ్చింది.

"తొలి కత్తి మగోలే ఎట్టాల, అన్నయ్యా. మా ఆయన లారీ సాలూరు కాడ సిక్కడిపోనాది."

ఆడవాళ్లు నిండు గుమ్మడికాయ కొయ్యరని నాకు అప్పుడే తెలిసింది. కోసిచ్చాను. పొద్దున ముక్కలు బెల్లంతో ఉడికించింది. మధ్యాహ్నం పులుసు పెట్టింది. ముద్దముద్దకీ లేచి రోడ్డు చూసొస్తున్నాను.

"కూకోని తిను. నానూ సూస్తన్నాను కదా," అంది.

సాయంత్రం గుమ్మడి బూరెలు వేస్తుండగా దారి తెరిచారు. "వదినకియ్యి," అంటూ పొట్లం కట్టింది.

మర్నాడు నా కూతుర్ని ఎత్తుకున్నాను. ఆ లారీ ఇల్లు చేరిందో లేదో ఇప్పటికీ తెలియదు.