బొంబాయి బావ వేసిన తాళం

డెబ్బైలలో బొంబాయిలో ఉద్యోగం చేసే మా బావ, పాతబస్తీ మొఘల్‌పురాలోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా తను ఉండే బొంబాయి భద్రత గురించి చెప్పి నా ప్రాణం తీసేవాడు. మా తలుపుకు పరదాయే తప్ప తాళం లేదని ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఒకసారి అందరం పెళ్లికి పోతుంటే, పత్తర్‌గట్టి బజారులో ఇంత లావు తాళం కొనితెచ్చి తనే వేశాడు.

సాయంత్రం వచ్చి చూస్తే తాళం పగిలి ఉంది. గడపలో పక్కింటి చాచా గొడ్డలి పట్టుకుని కూర్చున్నాడు.

"గీ ఇంటికి తాళం ఎన్నడు చూడలే. ఏమైందో అని ఫికరై పగలగొట్టిన. మీరొచ్చేదాక కావలి కూసున్న," అన్నాడు.

బావ పగిలిన తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"మా బొంబాయిల తలుపే పగిలినా పక్కింటోడు తొంగిచూడడు," అన్నాడు గర్వంగా.