పసుపు పూసిన పడవ

మారతహళ్ళిలో ఎక్కడ చూసినా అపార్టుమెంట్లు లేస్తున్న రోజుల్లో, వాటికి బయట రంగు వేసేవాళ్ళలో మునిస్వామి ఒకడు. వేసేవాడు అనడంకన్నా వేలాడేవాడు అనడం న్యాయం. మిద్దె మీద నుంచి దించిన తాళ్ళకు ఒక పలక, పలక మీద నిలబడి మునిస్వామి, పక్కన బకెట్టు. బాల్కనీలో కాఫీ తాగే సాఫ్ట్‌వేరు దంపతులు అతన్ని పావురాన్ని చూసినట్టు చూసి తలుపు వేసుకునేవారు. పావురమైతే కనీసం రెట్ట వేసి కసి తీర్చుకునేది.

వయసు నలభై ఐదు దాటాక మోకాళ్ళు మాట వినడం మానేశాయి. నిలబడితే నడుము, వంగితే మోకాలు, పడుకుంటే రెండూ. మేడలు కట్టాలన్న ఆశ అతనికి ఏనాడూ లేదు, రంగు వేసి వేసి మేడలంటేనే రోత పుట్టింది. కూర్చుని చేసే పని ఒకటి దొరికితే చాలు. వాచ్‌మన్ పని అడిగితే మనిషి బక్కగా ఉన్నాడన్నారు. లిఫ్టు నొక్కే పని అడిగితే ఇంగ్లీషు రావాలన్నారు. నాలుగో క్లాసులో బడికి దండం పెట్టినవాడికి, లిఫ్టుతో ఇంగ్లీషులో మాట్లాడే అవసరం ఏమొచ్చిందో అర్థం కాలేదు.

అలాంటి సమయంలో మల్లయ్య కనబడ్డాడు. తమ పేట వెనకాల చెరువులో ఆ ఏడు చేపల వేలంపాట పాడుకున్నవాడు. మనిషి భారీ, మాట అంతకన్నా భారీ.

"పడవ ఉంటే రాప్పా మునిసామీ" అన్నాడు. "వలలు నావి. దినామూ చెరువు మింద కూర్చోని చేపలు పట్టే పని. కానీ శుక్రవారం నేనే వచ్చి ఎక్కి చూస్తా. ఒక్క చుక్క కారిందా, సుమ్నే ఊరికే నా టైము వేస్టు చేయొద్దు. ఇంకొకడు అడగతా ఉండాడు."

మునిస్వామి చెవిలో పడింది ఒకే మాట: కూర్చోని.

పడవ తయారైంది. కొత్త ఫ్లాట్లలో బీరువాలకు కోసి పారేసిన ప్లైవుడ్ ముక్కలు, మేకులు, చెక్క జిగురు. చూడ్డానికి పశువుల తొట్టికి పిన్ని కొడుకులా ఉంది. అతని భార్య హనుమక్క, అమ్మాయిల పీజీ హాస్టల్లో వంట చేసే మనిషి, దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"నీ కొలతకే చేసుకున్నట్టుండాది కదయ్యా" అంది. "నలుగురు ఎత్తుకోని పోయేదానికి బలే అనుకూలం."

"నోరు మూసుకోవే. దీనికి మందు కొడితే ఓడ అయిపోతాది."

మందంటే ఎపాక్సీ. ఫ్యాక్టరీల్లో నేలకు వేస్తారు. అలాంటి పని ఒకటి ముగిసినప్పుడు మిగిలింది మేస్త్రీ ఇతనికి ఇచ్చేశాడు. రెండు డబ్బాలు. ఒకదాంట్లో తేనెలాంటి జిగురు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే మందు, పిల్లి ఉచ్చ కంపు. రెండూ కలిపితే అరగంటలో పని ముగించాలి, లేకపోతే కుంచెతో సహా రాయి అయిపోతుంది. అది పట్టిందంటే ప్లైవుడ్డు నీళ్ళు తాగదు. పట్టకపోతే తడిసిన పుస్తకంలా పేజీలు పేజీలుగా విచ్చుకుంటుంది.

మునిస్వామి పడవను బోర్లించి, ఉప్పుకాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, డబ్బా మూత తీయబోతుండగా హనుమక్క పసుపు గిన్నెతో వచ్చింది.

"ఆగు. పసుపు పూయకుండా ఏం జేస్తా ఉండావు?"

ఆమె అడగడంలో తప్పేమీ లేదు. కాంక్రీటు కలిపే మిషనుకు పసుపు లేకుండా మేస్త్రీలు స్విచ్చి వేయరు. బోరుబావికి, లిఫ్టుకు, ఆఖరికి కొత్త టాయిలెట్టు గడపకు కూడా పూసిన పేట అది.

"మందు కొట్టినాక పైన పూద్దువులే" అన్నాడు.

"ప్లాస్టిక్కు మింద పసుపు నిలుస్తాదా? ఒక్క మునకకే పోతాది. చెక్కకే పూసి, దాని మింద నీ మందు కొట్టు. లోపలే ఉండిపోతాది. గంగమ్మకు కిందనుంచి ఎప్పుడూ కనబడతా ఉంటాది."

ఈ మాట మునిస్వామికి నచ్చింది. దేవుడి పటానికి ల్యామినేషన్ చేసినట్టు! దుమ్ము దులపకుండా గోడకు రంగు కొట్టే కుర్రాళ్ళను బండబూతులు తిట్టిన మనిషే ఇతను. కానీ పసుపు దుమ్మెలా అవుతుంది? పసుపు పసుపే.

హనుమక్క ఏ పనీ పిసినారిగా చేయదు. గడపకు పూసినట్టు పడవ అడుగంతా మెత్తింది. ఎండకు ఆరాక చూస్తే బంగారు గుమ్మడికాయను సగానికి కోసి బోర్లించినట్టుంది.

మునిస్వామి మగ్గులో మందు కలిపి, కుంచె ముంచి, దేవుణ్ణి తలుచుకుని మొదటి గీత గీశాడు. పసుపు కాస్తా ఎర్రబడింది. రెండో గీత గీశాడు. ఇంకా ఎర్రబడింది. కుంచె తీసి చూస్తే, మేకను కోసిన కత్తిలా ఉంది.

దాన్ని భార్య ముందుకు చాపాడు. "ఇదేందే!"

అప్పటికే పక్కింటి సత్యభామ వచ్చేసింది. పూలమ్ముకునే మనిషి, మంగళవారం మంగళవారం ఒంటి మీదికి అమ్మవారు వస్తుందని పేటలో పేరు. ఆ రోజు బుధవారమైనా అమ్మవారు సర్దుకుంది.

"నెత్తురన్నా! గంగమ్మకు కోపం వచ్చిండాది. అడగాపెట్టకుండా ఆయమ్మ నీళ్ళలోకి దిగతా ఉండావు. కోడి కోయాల."

"గంగమ్మకు కోడి ఎందుకమ్మా, చెరువు నిండా చేపలు పెట్టుకోని?"

"దినామూ చేపలే తింటే విసుగు రాదా అన్నా?"

మునిస్వామి తల గోక్కుంటుండగా మగ్గులోంచి పొగ లేచింది. పట్టుకుంటే కాలుతోంది. మాటల్లో పడి అరగంట మర్చిపోయాడు. మందు ఉడికి, బుసబుసలాడి, కుంచెను మింగి బిగుసుకుపోయింది.

"చూస్తివా, చూస్తివా, పొగ!" అని సత్యభామ జుట్టు విప్పబోయింది.

"జుట్టు ముడేసుకోమ్మే" అంది హనుమక్క. ఆమె ఇందాకటి నుంచీ పడవనే చూస్తోంది. చిటికెడు పసుపు బండ మీద వేసి, పిల్లి ఉచ్చ కంపు డబ్బాలోంచి పుల్లతో ఒక చుక్క వేసింది. చుక్క ఎర్రగా విచ్చుకుంది. "దిష్టి తీసేదానికి పసుపులో సున్నం వేస్తే నీళ్ళు ఎర్రగా కావా? దీంట్లోనూ అట్లాంటిదేదో ఉండాది. గంగమ్మా లేదు, ఆయమ్మ మొగుడూ లేడు."

సత్యభామ బండను చూసింది, పడవను చూసింది. "అయినా కోడి కోస్తే మంచిదే" అని, తనకు రావలసిన తొడ పోయినట్టు మొహం పెట్టి వెళ్ళిపోయింది.

మునిస్వామి ఇంకో కుంచె వెతుక్కుని, మళ్ళీ మందు కలిపి, ఎరుపైతే ఎరుపని, పడవంతా పూసి పడుకున్నాడు.

తెల్లారి వెళ్ళి చూస్తే అద్దంలా మెరుస్తోంది. మొహం కనబడుతోంది. సంతోషం పట్టలేక అంచు మీద గోటితో తట్టాడు. అంచు లేచింది. పట్టి లాగాడు. పెనం మీద కాలిన దోసెలా అరచేతి వెడల్పు ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక పసుపు పొడి పొడిగా అలాగే ఉంది. మందు చెక్కను పట్టుకోలేదు, పసుపును పట్టుకుంది. పసుపు ఎవరినీ పట్టుకోలేదు.

పడవ పక్కనే చతికిలబడ్డాడు. డబ్బాల్లో ఇంకొక్క పూతకు సరిపడా మందు మిగిలింది. రేపే శుక్రవారం. మల్లయ్య వస్తాడు, ఎక్కుతాడు, మునుగుతాడు. సోమవారం మళ్ళీ తాడు, పలక, పావురాలు.

"గీకల్ల" అన్నాడు. "మొత్తం గీకి పారేయల్ల. చెక్క కనబడేదాకా."

హనుమక్క మొహం మాడిపోయింది. "నా చేత్తో పూసిన పసుపును గీకి పారేస్తావా? మంచిదేనా అది?"

"గీకకపోతే రేపు గంగమ్మే పడవలోకి వచ్చి కూర్చుంటాది. మల్లయ్య తొడ మింద."

"నువ్వు వద్దని గట్టిగా చెప్పుండాల్సింది."

"నేనెప్పుడు గట్టిగా చెప్పినా నువ్వెప్పుడు విన్నావే?"

ఆమె విసురుగా లేచి పోయింది. అలిగిందనుకున్నాడు. అలిగితే అలగనీ అని, రంగు గీకే పట్టీ తీసుకుని ఒక్కడే మొదలుపెట్టాడు. వంగితే మోకాలు, లేస్తే నడుము. ముక్క ఊడేచోట ఊడుతోంది, పట్టినచోట ఉడుంలా పట్టింది. గజం గీకేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పోతే పోయింది, తాడే నా బతుకు అని పట్టీ విసిరేద్దామనుకుంటుండగా ఎదురుగా బరబరా చప్పుడైంది. పీజీ నుంచి తెచ్చిన ఇనప అట్లకాడతో హనుమక్క అవతలి వైపు గీకుతోంది.

"ఆ పిల్లోళ్ళ టిఫినో?" అన్నాడు.

"ఉప్మా చేసి పారేసి వచ్చినా. తింటే తింటారు, లేకుంటే బ్రెడ్డు తింటారు. నువ్వు గీకు, నా మొహం చూసింది చాలు."

ఇద్దరూ గీకారు. మధ్యాహ్నం దాటేసరికి ఆమె జడ మీద, అతని కనుబొమల మీద పసుపు పొడే. కొత్త పెళ్ళివాళ్ళలా ఉన్నామని మునిస్వామి అనబోయి, ఆమె చేతిలో అట్లకాడ చూసి మానుకున్నాడు. చెక్కను ఉప్పుకాగితంతో రుద్ది, థిన్నరుతో తుడిచారు. చెక్క నరాల్లోకి దిగిన పసుపు మాత్రం అక్కడక్కడా పోలేదు. ఈసారి మందు కొంచెం కొంచెంగా కలిపి, ఎవరితోనూ మాట్లాడకుండా పూశాడు. ఎవరైనా మాట్లాడిస్తారేమోనని హనుమక్క అట్లకాడ పట్టుకుని వాకిట్లో నిలబడింది.

శుక్రవారం పొద్దెక్కాక మల్లయ్య చెరువు దగ్గరికి వచ్చి, మొగుడూ పెళ్ళామూ మోసుకొచ్చి గట్టున పెట్టిన పడవ చుట్టూ తిరిగాడు.

"ఏందప్పా, ఈ ఎర్ర మచ్చలు?"

"డిజైను" అన్నాడు మునిస్వామి. "పెయింటర్ని కదా."

మల్లయ్య అంచు మీద గోటితో గీరాడు. మునిస్వామి గుండె ఆ గోటి కిందే ఉంది. అంచు లేవలేదు. తాళంచెవితో గీరాడు. లేవలేదు. అప్పుడు ఆ భారీ మనిషి పడవను నీళ్ళలోకి తోయించి, అందులో కాలు పెట్టాడు. పడవ కుయ్యోమంది, ఒక జాన దిగింది, ఆగింది. మల్లయ్య అడుగున అరచేయి పెట్టి తడిమి, చేతిని చొక్కాకు రుద్దుకున్నాడు. పొడి చేయి.

"సోమవారం రా" అని దిగి, "తెడ్డు వేసేది వచ్చా నీకు?" అన్నాడు.

"అదెంత పని?" అని మునిస్వామి పడవెక్కి రెండు పోట్లు పొడిచాడు. పడవ గుండ్రంగా తిరిగింది. ఇంకో రెండు పొడిచాడు. ఇంకాస్త దూరం పోయి, మళ్ళీ గుండ్రంగా తిరిగింది. గట్టు మీద నెత్తి కొట్టుకుంటున్న మల్లయ్య ఒకసారి, అపార్టుమెంట్లు ఒకసారి, మళ్ళీ మల్లయ్య కనబడ్డాడు. తెడ్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పడవ దానంతటదే నిలిచింది. తాడు లేదు, కింద పడే భయం లేదు. మోకాళ్ళు చాపుకున్నాడు.

"యోవ్, వస్తావా లేదా?" గట్టు మీది నుంచి హనుమక్క అరిచింది. "నాకు పీజీకి టైమయితా ఉండాది!"

"నువ్వు పో" అని అరిచాడు మునిస్వామి. "నేను ఇప్పుడే కూర్చున్యా."