మిరపరాశి కింద దాచిన వీసా

ఎనిమిదేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. మొదట్లో బరువుగానే ఉండేది. తర్వాత అలవాటైపోయింది. బాగా నవ్వుకున్న రోజున మాత్రం, నవ్వు ఆగాక, లోపల ఏదో కదిలేది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. సత్తెనపల్లి దగ్గర మిరప వేసే రైతుని. అంతవరకు చాలు.

మా ఆవిడ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి ఈమధ్యే రిటైరయింది. ఒక ఏడాది పురుగుమందుల కొట్టులో ఇచ్చిన క్యాలెండరు మీద నెలకొకటి చొప్పున ఫ్రాన్సు దేశపు కోటలు వేశారు. ఊళ్ళో వాళ్ళంతా దాంట్లో అమావాస్య ఎప్పుడో, వర్జ్యం ఎప్పుడో చూసుకున్నారు. ఈవిడ కోటలు చూసింది. ఏడాది అయిపోయాక బొమ్మలు కత్తిరించి నోటుబుక్కులో అంటించింది. అందులో షెనన్సో అని ఒకటుంది. నదికి అడ్డంగా, వంతెన మీద కట్టినట్టు ఉంటుంది. దాన్ని చూడాలి. అదొక్కటే ఆవిడ కోరిక. చీరలడగలేదు, నగలడగలేదు. ఇదే అడిగింది.

ప్లానంతా ఆవిడదే. ప్యారిస్‌లో పొద్దున్నే రైలెక్కితే గంటంబావులో టూర్ అనే ఊరు. అక్కడ చిన్న రైలు మారితే అరగంటలో కోట. సాయంత్రానికి తిరిగి ప్యారిస్. రెండో రోజు షాంబోర్ అనే పెద్ద కోట. స్టేషన్ల పేర్లు నోరు తిరిగేదాకా బడికి పోతూ వల్లెవేసేది. సెలవు పెట్టింది. ఇద్దరం హైదరాబాదు వెళ్ళి వేలిముద్రలు వేసి, కాగితాలిచ్చి వచ్చాం. అప్పటికి నేను కూడా సరదాగానే ఉన్నాను. అబద్ధం కాదు.

మరి ఎక్కడ చెడింది? నాలో నేను చాలాసార్లు వెతుక్కున్నాను. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, మబ్బు పట్టింది, అందుకే ప్రయాణం మానుకున్నానని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మబ్బు పట్టిన మాట నిజమే. కానీ కారణం అది కాదు.

ఒక రోజు సాయంత్రం ఆవిడ కల్లంలోకి వచ్చి, కాయలకు ముచ్చికలు తీస్తున్న ఆడవాళ్ళ ముందే మ్యాపు పరిచింది. "రైలు దిగాక మీరీ స్తంభం దగ్గరే నిలబడండి. నేను టికెట్లు తెచ్చేదాకా కదలొద్దు. మీరు తప్పిపోతే నేను వెతకలేను," అంది. వాళ్ళు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నాకు ఎక్కడో కాలింది. కాయ చేత్తో పట్టుకుని తేమ ఎంతుందో చెప్పగలిగినవాణ్ణి. ఆ కల్లంలో నా మాటకు ఎదురు లేదు. అలాంటివాణ్ణి పరాయి దేశంలో స్తంభం పక్కన నిలబడాలా? ఆవిడకు అన్నీ తెలిసి, నాకేమీ తెలియక, పది రోజులు ఆవిడ వెనకాల నడవాలా? ఇంత చిన్న సంగతి. రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

తర్వాత నాలుగు రోజులకు కొరియర్ వచ్చింది. ఆవిడ బళ్ళో ఉంది. కవరు నేనే చించాను. ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ వీసాలున్నాయి. ఆవిడ ఫొటో కింద పేరు కూడా తప్పు లేకుండా పడింది. ఆ తర్వాత కవరు తీసుకెళ్ళి మిరపరాశి కింద తోసి, పైన పట్టా కప్పేశాను. ముందుగా అనుకుని చేసింది కాదు. కానీ చెయ్యి వణకలేదు. అదే నాకు ఇప్పటికీ భయం.

ఆవిడ బడి నుంచి నేరుగా కల్లానికి వచ్చింది.

"కొరియర్ వచ్చిందంటగా?"

"వచ్చింది. వీసా ఇవ్వలేదంట."

ఆవిడ బస్తాల మీద కూర్చుంది. "ఎందుకంటండీ?"

"కాయితాలేయో సరిగ్గా లేవంట."

"నావేనండీ. స్కూలు లెటర్ మీద సీలు సగమే పడింది. అప్పుడే అనుకున్నా, మళ్ళీ వేయిద్దామని. బద్ధకించాను. నా మూలంగా మీ ప్రయాణం కూడా పోయింది. ఏమనుకోకండి."

"ఏమనుకోలేదులే," అన్నాను.

చూశారా. ఆవిడను క్షమించాను నేను.

పంట పని తెమల్లేదని ట్రావెల్ ఏజెంటుకు ఫోన్ చేసి ప్రయాణం రద్దు చేయించాను. పాస్‌పోర్టులు పొలం కాగితాలతో పాటు బ్యాంకు లాకర్లో పెట్టానని ఆవిడతో చెప్పాను. రెండు రోజుల తర్వాత నిజంగానే పెట్టాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. కానీ అప్పటి నుంచి సీలు కనిపిస్తే చాలు, కళ్ళద్దాలు పెట్టుకుని చూసేది. సీలు సరిగ్గా పడలేదని పిల్లల సర్టిఫికెట్లు వెనక్కి పంపేది. బళ్ళో వాళ్ళు చాదస్తమన్నారు. నేనూ అన్నాను. మార్కెట్ యార్డులో బస్తా కోసి చూపించమంటే ఏనాడూ జంకలేదు నేను, అడుగున రంగు పోయిన తాలుకాయ పెట్టి ఎరగను. ఇంట్లో మాత్రం ఇది పెట్టాను.

మేము బాగానే బతికాం. అది కూడా చెప్పాలి. పోట్లాటలు తక్కువ, కబుర్లు ఎక్కువ. ఏటా నోటుబుక్కు తీసి రైళ్ళ వేళలు మారాయేమో చూసుకునేది. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. వినడం నాకు ఇష్టంగా కూడా ఉండేది. ఈ మాట రాయడమే కష్టంగా ఉంది.

ఈ ఏడు రిటైరయ్యాక ధైర్యం చేసి, కంప్యూటర్ ముందు కూర్చుని మళ్ళీ దరఖాస్తు మొదలుపెట్టింది. ఇంతకుముందు వీసా అడిగారా, ఏమయిందని అందులో ఒక ప్రశ్న. "తిరస్కరించారని రాస్తానండీ, ఉన్నదున్నట్టు రాయాలి. తప్పు నాదని ఒప్పుకుంటే ఇస్తారేమో," అంది. అంత నిజాయితీగా తన మీద అబద్ధం రాసుకోబోతోంది. లాకరు తాళం తీసుకుని సత్తెనపల్లి వెళ్ళాను. కావాలంటే ఆ పేజీ చింపేయగలను, పాస్‌పోర్టు పోయిందనగలను. దారిలో రెండూ తోచాయి, దాచను. తెచ్చి ఆవిడ ముందు తెరిచి పెట్టాను. పేజీల మధ్య ఇంకా ఎర్రటి కారం దుమ్ము ఉంది. ఆవిడకు తుమ్ములొచ్చాయి. తుమ్ములాగాక వీసా చూసింది. స్తంభం సంగతి దగ్గర్నుంచి అంతా చెప్పాను. ఒక్కటీ మిగుల్చుకోలేదు.

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. రెండు రోజులు అన్నం పెట్టింది, మాట్లాడలేదు. మూడో రోజు నోటుబుక్కు తీసి, "ప్యారిస్ దాకా ఇద్దరం పోదాం. కోటలకి నేనొక్కదాన్నే వెళ్తాను," అంది. సరేనన్నాను. క్షమించావా అని అడగలేదు. అడిగితే ఆవిడ చేత ఇంకో పని చేయించుకున్నట్టే.

ఆవిడ కోటలకి వెళ్ళే ఆ రెండు రోజులూ నేను ప్యారిస్‌లో ఏం చేయాలో తెలియదు. ఎక్కడో కూర్చుంటాను. ఆవిడ తిరిగొచ్చి చెప్తే వింటాను, చెప్పకపోతే లేదు. విచిత్రం ఏమిటంటే, మనసు తేలిగ్గా ఉంది. పొద్దున కాఫీ కూడా రుచిగా ఉంటోంది.

నిన్న దరఖాస్తు పూర్తి చేసింది. ఆ ప్రశ్న దగ్గర, వీసా ఇచ్చారు, వెళ్ళలేదు అని రాసింది. ఎందుకు వెళ్ళలేదో రాయడానికి అక్కడ చోటు లేదు. అది రాయాల్సినవాణ్ణి నేను. రాశాను.