ఎర్ర ఫీడర్‌లో బెల్లం నీళ్ళు

తొమ్మిదేళ్ళుగా నా ఫోన్‌లో ఒక ఫోటో ఉంది. ఈలోగా మూడు ఫోన్లు మారాయి, ప్రతిసారీ అదీ వెంట వచ్చింది. దాన్ని తీసెయ్యలేను, ఎవరికీ చూపించలేను. అందులో నా చూపుడువేలు, దాని పక్కన బొటనవేలంత పిట్ట ఉంటాయి. పిట్ట నా వేలిని చూసి బెదరడం లేదు. ఆ ఫోటో తీసిన రోజు నేనెంత మురిసిపోయానో గుర్తొస్తే ఇప్పటికీ ఫోన్ బోర్లా పెట్టేస్తాను.

మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. గుడికి వెళ్ళినప్పుడు దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు. తెలియక చేసిన తప్పులు మన్నించు స్వామీ అని గుంపులో గోవిందా కొట్టి వచ్చేశాను. తెలియక చేసింది సగమే. మిగతా సగం తెలిసే చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇది మీ దగ్గర నోరు దాటుతోందేమో.

ఇక్కడ అమెరికాలో, డబ్లిన్ అనే ఊళ్ళో మేం ఇల్లు కొన్నప్పుడు పక్కింట్లో మార్గరెట్ ఒక్కతే ఉండేది. డెబ్బై అయిదు దాటిన మనిషి. భర్త వాల్టర్ పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఆయన నాటిన గులాబీలు ఏడు మొక్కలు వెనకాల కంచె పొడవునా ఉండేవి. వాటి ఎదురుగా వంటింటి కిటికీ, కిటికీ పైన కొక్కేలకు రెండు ఎర్ర గాజు ఫీడర్లు, పిట్టలు తాగే తీపినీళ్ళ బుడ్లు. వాటికోసం హమ్మింగ్‌బర్డ్స్ వచ్చేవి. మన తేనెపిట్ట కన్నా చిన్నవి. గాల్లో ఒకేచోట నిలబడి తాగుతాయి, రెక్కలు కనబడవు, శబ్దం మాత్రం వినబడుతుంది. వాటిలో ఒక మగపిట్టకు ఆవిడ షెరిఫ్, అంటే ఊరి పోలీసు పెద్ద, అని పేరు పెట్టింది. ఎదురుగా ప్లమ్ చెట్టు కొమ్మ మీద కూచుని రెండు ఫీడర్లూ తన సొంత ఆస్తి అన్నట్టు మిగతావాటిని తరిమేది. ఎండ పడితే దాని మెడ గులాబీరంగులో భగ్గుమనేది. మార్గరెట్ రోజూ పొద్దున కాఫీ కప్పుతో దాని ఎదురుగా కూచునేది. వాల్టర్ కుర్చీ ఖాళీ అయ్యాక ఇప్పుడు నాకు తోడు వీడే అని ఓసారి నాతో అంది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మావాళ్ళ పిల్లలు నన్ను బెల్లం ఆంటీ అంటారు. మా ఆయనకు షుగర్ ఉందని రిపోర్ట్ వచ్చిన రోజు ఇంట్లో ఉన్న పంచదారంతా చెత్తలో పోశాను. అక్కడితో ఆగితే బాగుండేది. కాఫీలో బెల్లం, కేకులో బెల్లం, ఎవరింటికి తలో వంటా పట్టుకెళ్ళే పాట్‌లక్‌కి వెళ్ళినా పంచదార విషం అని ఉపన్యాసం. బెల్లంలో ఐరన్ ఉంటుంది, రక్తం పడుతుంది అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేదాన్ని. షుగర్ మనిషికి బెల్లమూ మంచిది కాదని డాక్టర్ చెప్పినా, ఆయనకేం తెలుసులే అన్నాను. నా తత్వం అది. ఒకటి పట్టుకుంటే వదలను.

ఆ ఆగస్టులో మార్గరెట్‌కి తుంటి ఎముక ఆపరేషన్. ఆ తర్వాత మళ్ళీ నడిపించే రీహాబ్. మొత్తం మూడు వారాలు. ఇంటి తాళం నాకిచ్చింది. ఫ్రిజ్ మీద ఒక కార్డు అంటించి వెళ్ళింది. కప్పు తెల్ల పంచదార, నాలుగు కప్పుల నీళ్ళు. రెండు రోజులకోసారి పారబోసి, కడిగి, కొత్తది పొయ్యాలి. తేనె వద్దు, బ్రౌన్ షుగర్ వద్దు, వేరే ఏ తీపీ వద్దు. చివరి వాక్యం కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు చూసి నవ్వుకున్నాను. ఈ తెల్లవాళ్ళు పిట్టలకు కూడా తెల్ల పంచదారే పెడతారు అనుకున్నాను.

అయిదు రోజులు బుద్ధిగానే చేశాను. ఆవిడ డబ్బాలో ఉన్న పంచదార అయిపోయింది. కొనడానికి ఇండియన్ గ్రోసరీకి వెళ్ళాను. పంచదార సంచి చేతిలో పట్టుకుని లైన్‌లో నిలబడితే వెనక సునీత కనబడింది. మా స్నేహితురాలే. ఆవిడ ఇంట్లో పంచదార మానిపించింది నేనే. ఆవిడ నా చేతిలోకి చూసేలోగా లైన్‌లోంచి తప్పుకుని సంచి తిరిగి అరలో పెట్టేశాను. పిట్టల కోసమమ్మా అంటే సరిపోయేది. ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను, ఆ ఒక్క ముక్క ఎందుకు అనలేకపోయానని. నవ్వుతుందని భయం. అంతే. అంత చిన్నదానికే.

ఇంటికొచ్చి బెల్లం కరిగించాను. పల్చటి గుడ్డలో వడకట్టాను. పానకంలా వాసనొచ్చింది. మిరియాలూ యాలకులూ మాత్రం వెయ్యలేదు, అంతవరకూ తెలివి ఉంది. ఎర్ర గాజులో ఆ నీళ్ళు నల్లగా కనబడ్డాయి. మొదటిరోజు పిట్టలు వచ్చి, మూతి పెట్టి, వెళ్ళిపోయాయి. మర్నాటి నుంచి తాగాయి. చూశావా, అలవాటు చెయ్యాలి గానీ అనుకున్నాను. మంచి బెల్లం రెండు రోజులకే పారబోయడానికి చెయ్యి రాక నాలుగు రోజులు ఉంచాను. ఆ వారం ఎండ మండిపోయింది. ఫీడర్ అడుగున నల్లటి జిగురు పట్టింది. కుళాయి కింద జాడించి మళ్ళీ పోశాను.

అప్పుడే షెరిఫ్ నాకు మచ్చికయింది. అయిందనుకున్నాను. ఒక పొద్దున వెళ్ళేసరికి ఫీడర్ అంచు మీద కూచుని ఉంది. ఈకలు ఉబ్బి ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్ళినా ఎగరలేదు. వేలు చాపాను, కదల్లేదు. వేలితో వీపు నిమిరాను. లోపల గుండె కొట్టుకోవడం వేలికి తెలిసింది. ఎడమచేత్తో ఫోటో తీసి మా స్నేహితుల ఫోన్ గ్రూప్‌లో పెట్టాను. దొరసానిగారి పిట్ట నా బెల్లానికి పడిపోయింది అని రాశాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. సునీత కూడా పెట్టింది. చచ్చిపోతున్న పిట్టను నిమిరి, నన్ను నమ్మింది అని ఊరంతా టముకు వేశాను.

మర్నాడు షెరిఫ్ కింద బండ మీద పడి ఉంది. నాలుక బయటికి వచ్చి, లావెక్కి ఉంది. ఆ మర్నాడు లావెండర్ మొక్కల్లో ఒకటి, గుమ్మం దగ్గర ఇంకొకటి. అప్పుడు చదివాను, ముందు చదవాల్సినదంతా. బెల్లంలో, తేనెలో బూజు పుడుతుందట. ఆ ఐరన్ కూడా వాటికి విషమట. రక్తం పడుతుందని నేను ఊదరగొట్టిన ఆ ఐరనే. మూడింటినీ టిష్యూ పేపర్‌లో చుట్టి తెచ్చి, మా వాకిట్లో కరివేపాకు కుండీలో పాతిపెట్టాను. ఫీడర్లు వెనిగర్‌తో తోమాను. దూరంగా, మనవాళ్ళెవరూ రాని షాపుకి వెళ్ళి తెల్ల పంచదార తెచ్చి, కార్డులో ఉన్నట్టే కలిపి పోశాను. మళ్ళీ ఒక్క పిట్ట కూడా చావలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే నేను మర్చిపోవాలని చాలాసార్లు చూశాను.

మార్గరెట్ వాకర్ పట్టుకుని ఇంటికి వచ్చింది. కిటికీ దగ్గర కూచుంది. ఒకటి రెండు ఆడపిట్టలు వచ్చాయి. షెరిఫ్ ఏడీ అంది. కనబడటం లేదు అంటే సరిపోయేదేమో. మూడు పిట్టలు చచ్చిపడి ఉంటే పాతేశానని చెప్పాను. ఆవిడ నావైపు చూడకుండానే అడిగింది.

“వన్ టు ఫోర్, వైట్ షుగరే కదా పోశావు?”

“అవును. కార్డులో రాసినట్టే.”

ఆవిడ కంచె వైపు చూసింది. “అయితే నేనే చంపాను. వెళ్ళేముందు రోజు గులాబీలకు పేనుబంక పడితే మందు కొట్టాను. వాసన ఉండగానే వెళ్ళిపోయాను. పాపం, ఆ పువ్వుల్లో తాగి ఉంటాయి.”

నేను బెల్లం కొట్టిన రాయిలా కూచున్నాను. ఆవిడ నావైపు తిరిగింది.

“నీకేమనిపిస్తోంది? దానివల్లేనా?”

“అయ్యుండొచ్చు,” అన్నాను.

అదీ నా నేరం. బెల్లం కాదు. బెల్లం మూర్ఖత్వం. ఈ మాట మాత్రం పూర్తి తెలివితో అన్నాను. ఎవరూ నన్ను తోసిందీ లేదు, తొందరపెట్టిందీ లేదు. ఆవిడ బోను తలుపు తీసి పట్టుకుంది, నేను ఆవిడ్నే అందులోకి నెట్టి బయట నిలబడ్డాను. ఏం పోయేది చెబితే? తిట్టేదా? ఆ మనిషి ఎవర్నీ తిట్టగా నేను వినలేదు. నెల రోజులు మొహం చాటేసేదేమో. గ్రూప్‌లో పెట్టిన ఫోటోకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. బెల్లం ఆంటీ పరువు పోయేది. అంతకు మించి ఏమీ లేదు. తూకం వేసి చూసుకుంటే అవతలి పళ్ళెంలో అంతే ఉంది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. పది రోజుల తర్వాత పిలిచి, గులాబీలు తీసేద్దామనుకుంటున్నాను, నేను వంగలేను, కాస్త సాయం చేస్తావా అంది. ఒద్దని చెప్పాను. మందు కొట్టడం మానేస్తే చాలు కదా అన్నాను. మందు వేళ్ళల్లోకి దిగి ఉంటుంది, పువ్వు పూసినంత కాలం నాకు భయమే అంది. అప్పుడైనా చెప్పొచ్చు. శనివారం పొద్దున్నే మా ఆయన పార తెచ్చుకుంటే నేను కూడా వెళ్ళాను. ఆవిడ కుర్చీ వేసుకుని పక్కన కూచుంది. ఒక్కో మొక్క దగ్గరా ఆగమని, కొమ్మ పట్టుకుని, ఇది వాల్టర్ ఏ ఏడు నాటాడో చెప్పి, ఊఁ అనేది. అప్పుడు తవ్వేవాళ్ళం. ఏడు మొక్కలు. ఏడోది వేళ్ళు బాగా లోతుకి పోయి ఎంతకీ రాలేదు. చివరికి నేనే ఎక్కి తొక్కి లాగాను. ముళ్ళు గీరుకున్నాయి. అయ్యో రక్తం అని ఆవిడే లేచి, వాకర్‌తో లోపలికి వెళ్ళి, బ్యాండేజ్ తెచ్చి నా చేతికి వేసింది.

ఆ సాయంత్రం ఫీడర్లు రెండూ కడిగి, అట్టపెట్టెలో పెట్టి నాకిచ్చింది. నాకు ఇక పిట్టల్ని పిలిచే హక్కు లేదు, నువ్వు సరిగ్గా చేశావు, ఇకమీద నీ దగ్గరే ఉంచు అంది. ఆవిడ కిటికీ పైన కొక్కేలు మాత్రం అలాగే ఉండిపోయాయి. చాలా రోజులు పిట్టలు వచ్చి ఆ ఖాళీ కొక్కేల ఎదురుగా గాల్లో నిలబడేవి. నా వంటింట్లోంచి కనబడేది. కాసేపు చూసి, మా వైపు వచ్చేవి. నేను పోసింది తాగేవి. ఆవిడ కంచె అవతల నుంచి ఇవాళ ఎన్ని వచ్చాయని అడిగేది. నేను లెక్క చెప్పేదాన్ని.

చెప్పడానికి నాలుగేళ్ళు టైమ్ ఉంది నాకు. ముసలామె, ఎందుకు బాధపెట్టడం అనుకునేదాన్ని. చూడండి నా మాయ. ఆ నిజం చెబితే ఆవిడ బాధ తీరేది. నాకు అంటుకునేది. అందుకే దయ పేరు పెట్టుకుని దాచాను. ఒక్కోసారి మందువల్లే చచ్చాయేమో, నాకేం తెలుసు అని కూడా అనిపిస్తుంది. నా మనసు ఇప్పటికీ ఆ సందు కోసం వెతుక్కుంటుంది. కానీ మందు కొట్టాక నేను పంచదార పోసిన రోజుల్లో ఒక్కటీ చావలేదు. బెల్లం పోశాక చచ్చాయి. బెల్లం ఆపాక ఆగాయి. గులాబీలు ఈ మొత్తంలో అక్కడే ఉన్నాయి, పూస్తూనే ఉన్నాయి.

అయిదేళ్ళ కిందట వాళ్ళమ్మాయి వచ్చి ఆవిడ్ని ఆరెగాన్ తీసుకెళ్ళింది. పోయిన నెలలో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మార్గరెట్ పోయింది. అంతిమ ప్రార్థన సర్వీస్ ఆన్‌లైన్‌లో పెడతాం, చూడండి అంది. తర్వాత కాస్త తటపటాయించి ఒకటి అడిగింది. తన సర్వీస్‌లో గులాబీలు పెట్టొద్దని అమ్మ రాసి పెట్టిందట. మా నాన్న పోయినప్పుడు బల్లంతా గులాబీలే, అమ్మకి అవంటే ప్రాణం, ఎందుకిలా రాసిందో మీకేమైనా తెలుసా అంది.

తెలియదమ్మా అన్నాను.

ముందు అవును, తర్వాత అయ్యుండొచ్చు, ఇప్పుడు తెలియదు. ఆవిడ పోయాక కూడా నా నోరు మారలేదు. సర్వీస్ చూశాను. బల్ల మీద తెల్ల చామంతులు పెట్టారు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. కరివేపాకు మొక్క నా నడుం దాటి పెరిగింది. అడిగినవాళ్ళందరికీ రెమ్మలు తుంపి ఇస్తాను, నా తాలింపులో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క ఆకు వెయ్యలేదు. మా ఆయన ఎందుకని అడిగితే ఈ మొక్క ఆకు చేదు అని చెప్పాను. పిల్లలు ఇంకా బెల్లం ఆంటీ అనే పిలుస్తారు. పలుకుతాను. ఇవాళ పొద్దున కూడా కప్పు పంచదార, నాలుగు కప్పుల నీళ్ళు కలిపి పోశాను. కొత్తగా ఒక మగపిట్ట వస్తోంది. అదీ మిగతావాటిని తరుముతుంది. నేను దగ్గరికి వెళితే చటుక్కున ఎగిరిపోతుంది. అలా ఎగిరిపోయినప్పుడల్లా హమ్మయ్య అనుకుంటాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేస్తానో లేదో నాకు తెలియదు. చేస్తానని మీకు మాటిచ్చి ఇంకో అబద్ధం ఆడలేను. ఒక్క మాట మాత్రం తొమ్మిదేళ్ళుగా చెప్పకుండా దాచాను. అదిక్కడ రాస్తున్నాను. వినాల్సిన మనిషి లేదు. అయినా ఆవిడకే చెబుతున్నాను.

మార్గరెట్, మీ మందు వల్ల కాదు. వాల్టర్ గులాబీల తప్పేం లేదు. నేను బెల్లం పోశాను.